రోములో ఫ్రెంచిరాజు పెట్టిన సత్రము

పరదేశమునకు పోయి, అచ్చట కొంతకాలము నిలిచి, విద్యనో కళనో సాధించుకొనువారికి అన్నమును బసను ఏర్పరచుట మన దేశమువారికి తెలియని ధర్మము కాదు. నాగార్జునకొండ శాసనములలో బోధిశ్రీ యను ఉపాసిక పేరు వినబడుచున్నది. ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని 14వ రాజ్యసంవత్సరమున, అనగా క్రీస్తుశకము మూడవ శతాబ్దిలో, ఆమె సింహళదేశపు థేరుల కొరకు చైత్యగృహమును కట్టించినది. ఆ లోయలోనే సింహళ విహారమొకటి యుండెననియు ఆ శాసనమే తెలుపుచున్నది. కృష్ణాతీరమున, తెలుగుగడ్డపై, సింహళ విద్వాంసులకు సొంత విడిది యుండెనన్నమాట. ఆ పిమ్మట ఆరువందల యేండ్లకు సువర్ణద్వీపపు రాజు బాలపుత్రదేవుడు నలందలో ఒక విహారమును నిర్మించి, దాని పోషణమునకు 5 గ్రామములు దయచేయుమని పాలవంశపు దేవపాలుని కోరగా అతడు ఇచ్చెను. 1921లో దొరకిన ఆ తామ్రశాసనములో భిక్షువుల అన్నవస్త్రములకు, పడకలకు, మందులకు, గ్రంథములు వ్రాయించుటకు, కట్టడము చెడినచో మరమ్మతులకు అని వ్యయమును పేరుపేరున చెప్పిరి. అకౌంట్సు శాఖలో పనిచేయు మన మిత్రులు చూచినచో, పద్దు ఒక్కటియు తప్పిపోలేదని సంతోషింతురు.

అవి పుణ్యము కొరకు జరిగిన ఏర్పాటులు. చిత్రకారులను, శిల్పులను, వాస్తుశిల్పులను ఒక ప్రభుత్వము తన ఖజానానుండి వేతనమిచ్చి, అన్యదేశపు నగరమున ఇల్లు తీసి, ఏండ్లతరబడి అచ్చటనే నిలిపి పోషించుట యూరపుఖండమున పదునేడవ శతాబ్దిలో మొదలయ్యెను. 1666లో ఫ్రాన్సురాజగు పదునాల్గవ లూయీ పేర రోమునగరమున వెలసిన ఫ్రెంచి అకాడమీ, తరువాత ఇతర దేశములు కల్పించిన ఇట్టి ఫెలోషిప్పులు పెక్కింటికి మాతృక. ఆ సంస్థ మూడున్నర శతాబ్దములు దాటి నేటికిని నడుచుచున్నది. ప్రభుత్వము అన్నము పెట్టి కళాకారుని ఏమి అడుగవచ్చును? అడిగినది దొరకునా? ఈ రెండు ప్రశ్నలకు ఆ యింటి చరిత్రవలె ఉత్తరము చెప్పగలది మరొకటి నాకు కనబడలేదు.

ఈ యూహ రాజుది కాదు, మంత్రి కోల్బేరుది. ఆయన లెక్కల మనిషి. అద్దములను, తివాచీలను, పట్టువస్త్రములను ఫ్రాన్సులోనే చేయించి, విదేశములకు పోవు ధనమును అరికట్టజూచినవాడు. కళల విషయమునను ఆయన బుద్ధి అదే దారిని నడచినది. ఇటలీలోని మంచి వస్తువులనన్నిటిని కొనుట ఎవరి తరమును కాదు. మన పిల్లలను అచ్చట కూర్చుండబెట్టి నకళ్లు తీయించినచో రాజుగారి తోటలు నిండును, పిల్లలకు చేయియు తిరుగును. 1666 ఫిబ్రవరినాటి నిబంధనావళి ప్రకారము విద్యార్థులు 12 మంది. అందు చిత్రకారులు ఆరుగురు, శిల్పులు నలుగురు, వాస్తుశిల్పులు ఇద్దరు. షార్ల్ ఎరార్ అను చిత్రకారుడు మొదటి అధ్యక్షుడు. చిత్రకారులు రోములోని మేలైన చిత్రములకెల్ల ప్రతులు వ్రాయవలెను. శిల్పులు ప్రాచీన విగ్రహములకు ప్రతిరూపములు చెక్కవలెను. వాస్తుశిల్పులు భవనములను కొలిచి పటములు గీయవలెను. రాజుగారికి తప్ప మరెవ్వరికిని పని చేయరాదు. పెందలకడ లేవవలెను. భోజనవేళ ఒకడు చరిత్రగ్రంథమును చదువుచుండగా తక్కినవారు వినవలెను. దైవదూషణ చేసినవానిని వెడలగొట్టుదురు. దీనిని విద్యాలయమనుటకంటె కార్ఖానా యనుట న్యాయము. వెర్సాయి తోటలలో నేటికిని నిలిచియున్న ప్రాచీన విగ్రహముల ప్రతులలో పెక్కు ఆ కార్ఖానా సరకే.

కార్ఖానాకు అప్పగించిన మొదటి పెద్ద పని ఏమైనదో చెప్పవలసియున్నది. ఆ దినములలో రోమున శిల్పాచార్యుడనిన బెర్నీనియే. గుఱ్ఱమునెక్కిన లూయీ విగ్రహము నొకదానిని ఆయన పర్యవేక్షణమున అకాడమీ విద్యార్థులు చెక్కవలెనని కోల్బేరు ఏర్పాటు చేసెను. గురువు వృద్ధుడు, శిష్యులు పడుచువారు. ఏండ్లు గడచినవి. విగ్రహము ముగిసినది. అది సముద్రము దాటి, నదులు దాటి 1685లో వెర్సాయి చేరునాటికి కోరిన కోల్బేరును లేడు, చెక్కించిన బెర్నీనియు లేడు. రాజుగారికి అది ఎంతమాత్రమును నచ్చలేదు. జిరార్దోఁ అను శిల్పి దాని తలను మార్చి, మార్కస్ కుర్తియస్ అను ప్రాచీన రోమకవీరునిగా చేయగా, దానిని తోటకు దూరముగా, చెరువునకు ఆవలిగట్టున నిలిపిరి. బిల్లు పాసయినది గాని సరకు గోదాములో పడినదని మనవారు చెప్పుకొనురీతిగా నున్నది.

తరువాతి శతాబ్దమున అకాడమీ 1725లో కోర్సో వీథిలోని మాంచీనీ సౌధమునకు మారెను. రోమునకు పోవు అర్హతను పారిసులో పోటీ పెట్టి నిర్ణయించుచుండిరి. దానికే 'ప్రీ ద రోమ్', అనగా రోము బహుమానమని పేరు. 1752లో ఆ బహుమానము గెలిచిన ఫ్రాగొనార్ అను యువకుడు 1756లో రోము చేరెను. అతని మొదటి నకలు పనులు అధ్యక్షుడగు నాత్వారునకు తృప్తి కలిగింపలేదు. అయితే ఈ నాత్వార్ మంచి హృదయము కలవాడు. పిల్లలను ఇంటిలో బంధింపక, కాగితములు చేతికిచ్చి ఆరుబయటికి పంపుచుండెను. 1760 వేసవిలో ఫ్రాగొనార్ తివోలీ గ్రామమునకు పోయి, ఎస్తె తోటలోని ముసలి దేవదారువులను, జలయంత్రములను, కూలుచున్న మెట్లను ఎఱ్ఱసుద్దతో గీసెను. రాజు అడుగనిది, నిబంధనలలో లేనిది ఆ పని. ఆ రోమునివాసమున అతడు చేసిన పనిలో నేడు లోకము వెదకి చూచునది ఆ కాగితములనే. అతని స్నేహితుడు యూబేర్ రోబేర్ బహుమానమే గెలువలేదు. ఫ్రెంచి రాయబారి సిఫార్సుతో 1754లో వచ్చి చేరి పదునొకండేండ్లు ఉండి, శిథిలభవనములను చిత్రించుటలో అందరను మించెను. సిఫార్సు ఒక్కొక్కప్పుడు మంచికే వచ్చుననుటకు ఇది సాక్ష్యము. ఇట్టి సాక్ష్యములు అరుదని వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక దావీద్. ఈ చిత్రకారుడు బహుమానమునకై వరుసగా పోటీచేసి ఓడెను. 1772లో ఓడినపుడు గది తలుపులు మూసికొని, ఆహారము మాని ప్రాణము విడువబూనగా, తోటివారు బ్రతిమాలి బయటికి తెచ్చిరి. 1774లో గెలిచెను. 1775 మొదలు 1780 వరకు రోమున నుండి, విగ్రహములను, శిథిలములను గీసి గీసి పుస్తకములు నింపెను. 1784లో మరల రోమునకే పోయి, ముగ్గురు సోదరులు తండ్రియెదుట కత్తులపై ప్రమాణము చేయు 'హొరేషియనుల ప్రమాణము' అను పెద్ద చిత్రమును వ్రాసెను. ఇది రాజుగారి ఖర్చుతో వ్రాసినదే. దేశము కొరకు కుటుంబమును త్యజించుమని చాటు ఆ చిత్రమును పారిసు ప్రజలు కొన్ని యేండ్లకు విప్లవమునకు పతాకగా చేసికొనిరి. రాజుగారి యన్నము తిని రోమకుల ప్రజారాజ్యమును అభ్యసించి వచ్చిన దావీద్, 1793 జనవరిలో శాసనసభాసభ్యుడై, రాజుగారి మరణదండనమునకు ఓటు వేసెను. తనను పెంచిన రాజకీయ చిత్రకళా అకాడమీని ఆ యేడే రద్దు చేయించుటలోను అతడే ముందు నిలిచెను. కోల్బేరు లెక్కపుస్తకములో ఇట్టి ఫలితమునకు గడి లేదు.

ఆ నెలలోనే రోమునందలి యింటికిని ప్రమాదము వచ్చెను. విప్లవప్రభుత్వపు చిహ్నములను నగరమున నిలుపబోయినందుకు రోము జనము రెచ్చిపోయి, 1793 జనవరి 13వ తేదీన బాస్వీల్ అను ఫ్రెంచి దౌత్యోద్యోగిని చంపి, మాంచీనీ సౌధముపై పడి కొల్లగొట్టిరి. విద్యార్థులు చేతికందినది తీసికొని పారిపోయిరి. పరదేశమున సర్కారు బసలో నుండువాడు తాను చిత్రకారుడనుకొన్నను, వీథిలోని జనమునకు అతడు తన ప్రభుత్వపు బంటే.

నెపోలియను కాలమున, 1803లో, మాంచీనీ సౌధమునకు మారుగా పించియో కొండపై నున్న విల్లా మెడిచి ఫ్రెంచివారికి దక్కెను. నేటికిని అకాడమీ అచ్చటనే యున్నది. నగరమంతయు కంటి క్రింద కనబడు ఆ భవనమునకు విశాలమైన తోట గలదు. సంగీతకారులకును బహుమానము ఆ యేటనే యేర్పడెను. నిబంధనలు మాత్రము కోల్బేరు పోలికను విడువలేదు. అభ్యర్థి ముప్పది యేండ్లు దాటరాదు, వివాహితుడై యుండరాదు, ఇటలీ విడిచి పోరాదు. ఏటేట ఒక పని ముగించి పారిసునకు పంపవలెను. దానిని 'ఎంవోయి' అనిరి, అనగా పంపునది. పెద్దలు దానిని పరిశీలించి, పనివాడు ముందునకు పోవుచున్నాడో వెనుకకు పోవుచున్నాడో నివేదిక వ్రాయుదురు. వార్షిక రహస్యనివేదికల భయమెరిగిన మనకు ఆ పడుచువారి మనఃస్థితిని వర్ణింపనక్కరలేదు.

ఎంగ్ర్ 1801లో గెలిచెను గాని, ఖజానాలో సొమ్ము లేదని 1806 వరకు అతనిని పంపలేదు. మంజూరునకును చెల్లింపునకును నడుమ ఐదేండ్లు! పోయిన పిమ్మట అతడు పంపిన ఎంవోయిలను పెద్దలు తప్పుపట్టిరి. వీపు చూపి కూర్చున్న స్నానకాంత చిత్రము వానిలో ఒకటి. నేడది లూవ్ర్ చిత్రశాలకు అలంకారము. మనసు గాయపడిన ఎంగ్ర్ గడువు ముగిసినను స్వదేశమునకు పోక 1824 వరకు ఇటలీలోనే యుండెను. పదేండ్లు గడచిన తరువాత, 1835లో, అదే యింటికి అధ్యక్షుడై వచ్చెను. సాయంకాలము ఫిడేలు వాయించుచు, సంగీతవిద్యార్థియగు గూనోను చేరదీసెను. దండనము పొందిన గుమాస్తా ఆఫీసరైనపుడు రెండు దారులు గలవు. ఎంగ్ర్ మంచి దారినే పట్టెనని గూనో వ్రాతలవలన తెలియుచున్నది.

ఈ యింటి కథలో అందరకన్న ఎక్కువ నవ్వించువాడు బెర్లియోజ్. సంగీతపు పోటీ ఎట్లు జరుగునో ముందు వినవలెను. అభ్యర్థులకు ఒక గేయమిచ్చి, ఒక్కొక్కరిని ఒక్కొక్క గదిలో బంధించి, దానికి కంఠములతో, పెద్ద వాద్యబృందముతో సంగీతము కూర్చుమందురు. తీర్పువేళ వాద్యబృందముండదు, ఒకడు పియానోపై దానిని వాయించి వినిపించును. తీర్పు చెప్పువారిలో సంగీతజ్ఞులు కొందరే. తుది ఓటు చిత్రకారులు, శిల్పులు, చెక్కడపు పనివారు అందరు కలిసి వేయుదురు. 1827లో బెర్లియోజ్ కూర్చిన కృతిని పియానోవాడు వాయింపలేకపోయెను. కావున అది వాయింప శక్యము కానిదని తీర్పు చెప్పిరి. 1828లో రెండవ బహుమానము వచ్చెను. 1829లో తన మనసునకు నచ్చినట్లు వ్రాసెను. ఆ యేడు మొదటి బహుమానము ఎవ్వరికిని ఇవ్వరైరి. 1830 జూలైలో పారిసు వీథులలో విప్లవము చెలరేగి, తుపాకిగుండ్లు గోడలకు తగులుచుండగా, గదిలో కూర్చుండి సార్దనపాలుడను రాజు మరణమునకు సంగీతము ముగించెను. ఈసారి లోకజ్ఞానము కలిగినది. ఆ గేయము తుదను రాజభవనము తగులబడును. ఆ దహనఘట్టమును వ్రాసినచో పెద్దలు బెదరుదురని తలచి, దానిని విడిచి, తక్కినది సాధువుగా వ్రాసి ఇచ్చెను. మొదటి బహుమానము వచ్చెను. వచ్చిన పిమ్మట దహనఘట్టమును చేర్చెను. సభలో దానిని వాయించునపుడు కొమ్ముబూరవాడు సమయమునకు స్వరమందీయకపోగా తక్కినవారును మౌనము వహించిరి. భవనము తగులబడనే లేదు. బెర్లియోజ్ సభలోనే మండిపడెను.

1831లో రోము చేరి ఎన్నో దినములు గడువకముందే, పారిసులో తనకు నిశ్చయమైన కన్య పియానోల వర్తకుని పెండ్లాడుచున్నదని వినెను. పిస్తోళ్లు తీసికొని, దాసీ వేషమునకు కావలసిన దుస్తులు కుట్టించుకొని, వారిని చంపి తాను చచ్చెదనని బండి యెక్కెను. నీస్ పట్టణము చేరునప్పటికి కోపము చల్లారెను. ఫ్రాన్సులో కాలు మోపినచో వేతనము పోవును. ఆ దినములలో నీస్ సార్దీనియా రాజ్యములోనిది కావున నిబంధన ఇంకను భంగము కాలేదు. అధ్యక్షుడగు ఓరాస్ వెర్నే, నీ పేరు పట్టికలోనే యున్నది, తిరిగి రమ్మని దయతో జాబు వ్రాసెను. బెర్లియోజ్ నీస్‌లో కొన్ని వారములుండి, సముద్రపుటొడ్డున తిరుగుచు లియర్ రాజు కథకు ఒక ప్రారంభసంగీతమును వ్రాసికొని, మరల రోము చేరెను. తరువాత ఎంవోయి పంపవలసిన గడువు రాగా, రోమునకు రాకముందే ఏండ్ల క్రిందట పారిసులో వాయింపబడిన తన పాత కృతిభాగమునొకదానిని పంపెను. రోములో నివసించుటవలన ఇతడు పూర్వపు దోషములను విడిచి ఎంతో బాగుపడెనని పెద్దలు నివేదిక వ్రాసిరి. బెర్లియోజ్ ఈ ముచ్చటను ముసలితనము వరకు చెప్పుకొని నవ్వెను.

నవ్వు తాలు, గింజ వేరు. బెర్లియోజునకు రోము రుచింపలేదు. ఆ బసను అతడు చెరసాల వలెనే చూచెను. అయినను వేతనమున్నది గదా యని తుపాకి భుజమున వేసికొని అబ్రూజీ కొండలలో తిరుగుచు, గొల్లలు ఊదు పిల్లనగ్రోవులను, పల్లెల రాత్రిపాటలను వినెను. 1834లో వ్రాసిన 'ఇటలీలో హెరాల్డ్' అను కృతి ఆ కొండలనుండి దిగివచ్చినది. ఎంవోయిగా పంపినది ఏదో నేడు పండితులకు తప్ప తెలియదు.

వాస్తుశిల్పుల విషయమున ఈ సంఘర్షణ మరింత బరువైనది. వారు నాల్గవ యేట ఒక ప్రాచీన కట్టడమును కొలిచి, అది పూర్వము ఎట్లుండెనో పటములుగా గీసి పంపవలెను. 1829లో లాబ్రూస్త్ పేస్తుమునందలి గ్రీకు ఆలయముల పటములు పంపెను. ఆ మూడింటిలో ఒకటి ఆలయమే కాదనియు, పౌరులు కూడు సభామందిరమనియు, గ్రీకు వలసవారు క్రొత్తనేలకు తగినట్లు తమ పద్ధతులను మార్చుకొనిరనియు అతడు సూచించెను. ప్రాచీనుల నియమములు మారునవి కావని నమ్ముకొన్న పారిసు పెద్దలకు ఇది తిరుగుబాటుగా కనబడెను. అధ్యక్షుడు వెర్నే విద్యార్థి పక్షమున నిలిచి పెద్దలతో వాదము పెట్టుకొనెను. లాబ్రూస్తునకు స్వదేశమున చాలకాలము పెద్ద పని దొరకలేదు. కడపట 1843 మొదలు 1850 వరకు ఇనుప కమానులు బయటికి కనబడునట్లు సాంత్ జెన్‌వియేవ్ గ్రంథాలయమును కట్టెను. 1899లో గెలిచిన తోనీ గార్నియే మరింత సాహసికుడు. శిథిలములకు మారుగా ముప్పదియైదువేల జనముండదగిన యంత్రపరిశ్రమల నగరమును ఊహించి పటములు పంపెను. పెద్దలు త్రోసివేసిరి. కడకు అతడు తుస్కులుమ్ అను ప్రాచీననగరపు పటములు గీసి ఋణము తీర్చుకొనెను గాని, ఆ యూహానగరమును విడువక 1917లో పుస్తకముగా ప్రకటించెను. దానిలోని పెక్కు భావములను లియోఁ నగరమున కట్టి చూపెను.

దెబ్యుసీ 1885 మొదలు రెండేండ్లు విల్లా మెడిచిలో దిగులుతో గడపి, గడువు తీరగనే బయటపడెను. రావెల్ ఐదుమార్లు పోటీ చేసియు మొదటి బహుమానము పొందలేదు. అతడు దేశమంతట పేరు పొందిన పిదప, 1905లో, తొలి పరీక్షలోనే త్రోసివేయబడెను. తుది పరీక్షకు ఎన్నుకొన్నవారందరును న్యాయనిర్ణేతలలో ఒకని శిష్యులే యని తెలిసి పత్రికలు గగ్గోలు పెట్టెను. సంగీతవిద్యాలయపు అధ్యక్షుడు ఆ యేటనే పదవి విడువగా, రావెల్ గురువైన ఫోరే ఆ స్థానమున వచ్చెను.

స్త్రీలకు 1903 వరకు ఈ పోటీలో ప్రవేశమే లేదు. శిల్పమున 1911లో ల్యూసియెన్ యోవెల్మాన్స్, సంగీతమున 1913లో లిలీ బూలాంజే మొదటి బహుమానములు పొందిరి. లిలీ వయస్సు అప్పటికి 19 ఏండ్లు. ఆమె తండ్రి 1835లో ఈ బహుమానమునే గెలిచినవాడు. అక్క నాదియా 1908లో రెండవ స్థానముతో ఆగిపోయినది. లిలీ చిన్ననాటినుండి రోగపీడితురాలు. 1914 మార్చిలో విల్లా మెడిచి చేరెను. ఆగస్టులో యుద్ధము వచ్చెను. 1916లో మరల పోయి కొన్ని నెలలుండెను. 1918 మార్చిలో, 24 ఏండ్లకే, మరణించెను. 1914లో మొదలిడి 1917లో ముగించిన ఆమె కృతులలో ఒకటి 'ప్రాచీన బౌద్ధప్రార్థన'. ప్రాణమున్న జీవులన్నియు వైరము లేక సుఖముగా నుండుగాక యను భావము గల ఆ మాటలు బుద్ధఘోషుని 'విశుద్ధిమార్గము' లోనివి. బుద్ధఘోషుడు సింహళద్వీపమున అనూరాధపురపు మహావిహారమున బస చేసి ఆ గ్రంథము వ్రాసెను. ఆయన స్వస్థలము ఆంధ్రదేశమున, కృష్ణాతీరపు గుంటూరు మండలముననే యని కొందరు విద్వాంసుల యభిప్రాయము. నాగార్జునకొండకు సింహళులు వచ్చిరి. సింహళమునకు ఇచ్చటివాడొకడు పోయెను. ఆతడచ్చట వ్రాసిన మాటలకు, మరియొక పరదేశపు బసకు అర్హత గెలిచిన ఒక ఫ్రెంచి పడుచు, యుద్ధము నడుమ, స్వరము కూర్చెను. దీనిని ఏ నిబంధనావళియు అడుగలేదు.

ఈ తంతు ఇట్లే సాగి 1968లో ఆగెను. ఆ యేటి మే నెలలో పారిసు విద్యార్థుల ఆందోళన జరిగిన పిదప, సంస్కృతిశాఖామంత్రి ఆంద్రె మాల్రో రోము బహుమానపు పోటీని రద్దు చేసెను. ఇల్లు మాత్రము నిలిచెను. పెద్దల ఇష్టమునకు వ్యతిరేకముగా 1961లో మాల్రో నియమించిన చిత్రకారుడు బాల్త్యూస్ 1977 వరకు అధ్యక్షుడుగా నుండి, పాడుబడిన గదులను, తోటను శ్రద్ధతో పునరుద్ధరించెను. నేడు రచయితలకు, కళాచరిత్రకారులకు, ఛాయాచిత్రకారులకు, చలనచిత్రకారులకు కూడ అచ్చట చోటు గలదు. ఫ్రెంచివారే కానక్కరలేదు. నాటి పద్ధతిలో ఏటేట పని పంపి తీర్పు పొందవలసిన నిర్బంధము పోయినది. మూడువందల యేండ్ల అనుభవమునకు పిదప ఖజానా ఒప్పుకొన్న మాట ఇదే: బసకు సొమ్ము మంజూరు చేయవచ్చును, కళాఖండమునకు ఆర్డరు వ్రాయరాదు. లెక్కలు అడుగువారిని నేను తప్పుపట్టను; ప్రజల సొమ్మునకు లెక్క ఉండవలసినదే. సొమ్ము దేనికి ఖర్చయినదో అడుగవచ్చును. ఏమి వ్రాసితివి, మేము చెప్పినట్లే వ్రాసితివా యని అడుగుటతో చిక్కు వచ్చుచున్నది. అట్లని సత్రమే అనవసరమనువారితోను నేనేకీభవింపను. బెర్లియోజ్ రోమును తిట్టినది రోము పెట్టిన అన్నము తినియే.

ఫ్రెంచివారిని చూచి ఇతరులును రోమున ఇండ్లు తీసిరి. స్పెయినువారిది 1873 నాటిది. అమెరికావారిది 1894లో వాస్తుశిల్పుల పాఠశాలగా మొదలైనది. తరువాత కళాకారులును ప్రాచీనవిద్యల పండితులును ఒకే పంక్తిని భోజనము చేయు సంస్థగా పెరిగినది. ఆంగ్లేయుల పాఠశాల 1901 నాటిది. దాని భవనపు ముఖభాగము 1911 నాటి రోము ప్రదర్శనమునకై లుట్యెన్స్ రచించిన మంటపమును అనుసరించినది. ఆ మరుసటియేడే ఢిల్లీకి వచ్చి నేటి రాష్ట్రపతి భవనమును నిర్మింపబూనిన లుట్యెన్స్ అతడే. స్వాతంత్ర్యము తరువాత మన చిత్రకారులును ఇట్టి సహాయమును పొందిరి. రజా 1950లో ఫ్రెంచి ప్రభుత్వపు వేతనముతో పారిసు పోయెను. గాయ్‌తొండే 1964లో, తయ్యబ్ మెహతా 1968లో రాక్‌ఫెల్లరు నిధి ఫెలోషిప్పులతో న్యూయార్కు చేరిరి. చిత్తూరు జిల్లాలో పుట్టి, శాంతినికేతనమున నేర్చిన మన కృష్ణారెడ్డి పారిసులోని 'అతెలియే 17' అను ముద్రణశాలలో నానాదేశములవారి సరసన పనిచేసి, ఒకే రేకునుండి పెక్కురంగులు దింపు పద్ధతిని సాధించి లోకమునకు నేర్పెను. 1972లో పద్మశ్రీ పొందెను. 2018లో న్యూయార్కున గతించెను.

తుదకు లూయీ కాన్ మాట. ఈ అమెరికా వాస్తుశిల్పి 1950 తుదిలో, తనకు యాభైయేండ్లు దగ్గరపడుచుండగా, రోమునందలి అమెరికన్ అకాడమీలో అతిథిగా చేరి సుమారు మూడు నెలలుండెను. అంతవరకు అతడు పెద్దగా పేరు పొందినవాడు కాడు. అకాడమీవారు అతనిని ఏ పటములును అడుగలేదు. రోమునందలి ఇటుకగోడలను, కమానులను చూచి, ఈజిప్టునకు, గ్రీసునకు పోయి, రంగుసుద్దలతో బొమ్మలు గీసికొని తిరిగి పోయెను. 1962లో అహ్మదాబాదున మేనేజ్‌మెంటు విద్యాసంస్థ భవనములును, ఢాకాలో శాసనసభాభవనమును రచించు పని అతనికి వచ్చెను. అహ్మదాబాదు కట్టడములలో రోమకులవలె ఇటుకనే నమ్ముకొని, గుండ్రని పెద్ద కమానులు పెట్టెను. 1974 మార్చిలో అహ్మదాబాదునుండి తిరిగిపోవుచు న్యూయార్కు రైలుస్టేషనులో హఠాత్తుగా మరణించెను. ఢాకా భవనము అప్పటికి పూర్తి కాలేదు. నడుమ దేశమే మారినది. పాకిస్తాను ప్రభుత్వము కోరిన కట్టడము 1982లో బంగ్లాదేశమునకు శాసనసభాభవనమైనది.